హోదా గడిలో ఏం రాయాలి?

మన బడి పూర్వవిద్యార్థుల సంచిక కోసం కమిటీ పంపిన ఫారంలో పేరు, బ్యాచ్ చకచకా రాసేశాను: 2009 పదో తరగతి, బి సెక్షన్. ఆ కింద 'ప్రస్తుత హోదా', 'సాధించిన విజయాలు' అని రెండు గడులున్నాయి. వారం రోజులు అక్కడే ఆగిపోయాను.

ఫేర్‌వెల్ రోజున సోషల్ మాస్టారు ఒక్కొక్కరినీ లేపి ఏమవుతారని అడిగారు, గుర్తుందా? ముందు బెంచీవాడు కలెక్టరన్నాడు. వేరే మాట తోచక నేనూ కలెక్టరే అన్నాను. అలా మన సెక్షన్లో పద్నాలుగు మంది తేలారు. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నవే 23 జిల్లాలు, సగానికి పైగా మనమే పంచేసుకున్నాం!

తర్వాత అందరిలాగే ఎంపీసీ, ఎంసెట్, బీటెక్, అమీర్‌పేటలో జావా కోచింగ్. జావా బాగానే వచ్చింది. ఇంట్లోవాళ్లకి మింగుడుపడనిది అదే. రాక వదిలేస్తే జాలిపడేవారు, వచ్చీ వదిలేస్తే తిక్క అన్నారు.

2018లో మా కోనసీమ పల్లెలోని బ్రాంచి పోస్టాఫీసులో పోస్ట్‌మాస్టర్ ఉద్యోగం ఖాళీ పడింది. పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే చూస్తారు. అంటే నాకు ఉద్యోగం ఇప్పించింది బీటెక్ కాదు, మన బడి. మొదట్లో నెలకి 12,000, పైన డీఏ. రోజుకి నాలుగైదు గంటల పని. ఊళ్లోనే కాపురం ఉండాలి, బతకడానికి వేరే ఆధారం కూడా ఉండాలని రూల్సులోనే ఉంది. నాన్న ఇచ్చిన ఎకరం కొబ్బరితోట ఉంది.

"ఇంకా ట్రై చెయ్యట్లేదా బాబూ?" అని ప్రతి పెళ్లిలోనూ అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు కాబట్టి కోపం తెచ్చుకోడానికీ లేదు. పెళ్లిచూపులప్పుడు మా అత్త నన్ను 'సెంట్రల్ గవర్నమెంటు' అని చెప్పేసింది. అది పూర్తిగా నిజం కాదు. పని తపాలా శాఖదే, కానీ మేం రెగ్యులర్ ఉద్యోగులం కాం.

డిపార్ట్‌మెంటల్ పరీక్ష రాసి పైకి వెళ్లమంటారు సబ్ ఆఫీసులో. ఒకసారి ఫారం నింపాను కూడా, పంపలేదు. బ్యాచ్ గ్రూపులో ఎవరో కొత్త కారు ఫొటో పెడితే ఆ ఫారం ఎక్కడుందా అని వెతికిన రాత్రీ ఉంది. అబద్ధమెందుకు.

మొన్న ఒక మామ్మగారు ఆధార్‌తో డబ్బు తీసుకోడానికొచ్చారు. వేలిముద్ర పడలేదు. కొబ్బరి పీచు పనిలో గీతలన్నీ అరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిచి బొటనవేలు, చూపుడువేలు, ఉంగరపువేలు వరసగా పెట్టించాను. ఆరోసారికి ఎడమచేతి చిటికెనవేలు పడింది. "పడిందా నాయనా!" అని పళ్లులేని నోటితో నవ్వారు. ఖాతాలు, ఇన్సూరెన్సుల టార్గెట్లు మాకూ ఉన్నాయి, ఆ గోల వేరే. కానీ ఆ ఆరుసార్లూ నన్ను ఎవరూ తొందరపెట్టలేదు.

హోదా గడిలో బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్ అని రాశాను. రెండోది ఖాళీగా పంపితే కమిటీ మిత్రుడు ఫోన్ చేశాడు: "ఏదోటి రాయరా, పేజీ బోసిగా ఉంటుంది." అందుకే ఇదంతా.

సంక్రాంతికి వచ్చేవాళ్లు ఒంటిగంట దాటాక రండి. అప్పటికి టపా బ్యాగు కట్టేసి ఉంటాను.