ఎర్ర సిరాతో దిద్దిన మాట

తొమ్మిదో తరగతిలో నేను రాసిన ఇంగ్లీషు వ్యాసంలో, పక్క బెంచీ మిత్రుడి కొత్త సైకిలును చూసి నాకు జెలసీ కలిగిందని ఒక వాక్యం ఉండేది. మాస్టారు దాని కింద ఎర్ర సిరాతో గీత గీసి, నన్ను బల్ల దగ్గరికి పిలిచి, "ఆ సైకిలు నీదేమిట్రా?" అని అడిగారు. కాదన్నాను. "అయితే నీది ఎన్వీ. మనకు లేనిది ఎదుటివాడికి ఉందన్న బాధ ఎన్వీ, మనదనుకున్నది, ముఖ్యంగా మనవాళ్ల ప్రేమ, ఇంకొకరు దక్కించుకుపోతారేమోనన్న భయం జెలసీ" అన్నారు. ఇంగ్లీషువారే వాడుకలో ఈ రెంటినీ తరచు కలిపేస్తారని పెద్దయ్యాక తెలిసింది. అయినా ఆ భేదం నిలుపుకోదగినదేనని నా నమ్మకం.

మేము రెంటికీ అసూయ అనే అర్థం రాసుకునేవాళ్లం. మాస్టారు దానికీ ఒప్పుకోలేదు. ఓర్వలేకపోవడం ఈర్ష్య అనీ, గుణాలలో సైతం దోషాలు ఎంచడం అసూయ అనీ అమరకోశం విడదీసిందని శ్లోకం చదివి వినిపించారు. ఆ లెక్కన, సైకిలు బాగుందని ఒప్పుకున్న నాకు కలిగింది అసూయ కాదు. దాని బ్రేకులు పనికిరావని ప్రచారం చేసి ఉంటే అయ్యేది. కన్యాశుల్కం 1897 నాటి తొలి ముద్రణకు ఇంగ్లీషులో పీఠిక రాసిన గురజాడ అప్పారావుగారి ఊరు మన విజయనగరం కనుక, రెండు భాషలనూ ఒకే శ్రద్ధతో చదవాలని మాస్టారి పట్టుదల. ఉక్రోషానికి సరిపడే ఒక్క ఇంగ్లీషు మాట చెప్పమని ఒక రోజంతా మమ్మల్ని వెతికించారు. కోపం ఉండీ ఏమీ చేయలేని ఆ ఉడుకుమోత్తనానికి ఒకే మాట మాకు దొరకలేదు.

అన్నిటికంటె నాలో నిలిచిపోయింది రిగ్రెట్, రిమోర్స్‌ల పాఠం. రైలు తప్పిపోయినా, వాన వల్ల పెళ్లికి వెళ్లలేకపోయినా రిగ్రెట్ అనవచ్చు. అందులో మన తప్పు ఉండనక్కరలేదు. రిమోర్స్ మాత్రం మన చేతులతో చేసిన తప్పుకే చెల్లుతుంది. దాని లాటిన్ మూలానికి మళ్లీ కొరకడం అని అర్థం. మన పశ్చాత్తాపమంటే తరువాత కలిగే తాపం. అక్కడ కాటు, ఇక్కడ మంట.

ఆ ఏడాదే తరగతి గ్లోబు నా చేతిలోంచి జారి పగిలింది. దెబ్బలు తిన్నది ఆ సైకిలు మిత్రుడు. తరువాతి వ్యాసంలో, ఎవరి పేరూ చెప్పకుండా, ఒక తప్పు విషయంలో రిగ్రెట్ పడుతున్నానని రాశాను. మాస్టారు ఆ మాట కొట్టివేసి, పైన రిమోర్స్ అని రాసి, పుస్తకం ఇస్తూ నా ముఖంలోకి చూశారు గాని ఏమీ అడగలేదు. మిత్రమా, ఈ సంచిక నీకూ అందుతుంది. ఆ గ్లోబు పగలగొట్టింది నేను.