శ్రుతి పట్టిక, ఢోలక్, రేకుల కప్పు: విజయనగరం పక్క ఓ సంఘంలో పాటల పని ఎంతవరకు వచ్చిందంటే

ఆదివారం ఆరాధనలో పాడే పాటల్లో సగానికి పైగా శ్రుతి పట్టికలోకి, అంటే ఏ పాట ఏ శ్రుతిలో ఎత్తుకోవాలో రాసుకునే జాబితాలోకి, ఎక్కాయి. శ్రమకాలపు కీర్తనలు మట్టల ఆదివారం లోపు ఎక్కాలి. సరంజామా పెద్దగా లేదు: నడిపే గొంతు ఒకటి, తోడు గొంతులు రెండు, కీబోర్డు, ఢోలక్, తాళాలు. ఈ చుట్టుపక్కల పల్లె మందిరాలు చాలావాటికి ఇంతే ఉంటుంది, ఇంతే చాలు కూడా.

సంఘం నోరు మెదపకుండా నిలబడిందంటే మొదట చూడాల్సింది శ్రుతి. (భక్తి తగ్గిందని మందలించేవాళ్లూ ఉన్నారు. ముందు రెండు మెట్లు, అంటే కీబోర్డు మీద నల్లవి కూడా కలిపి రెండు మీటలు, దించి చూడండి.) నడిపేవారి గొంతుకు బాగుండే శ్రుతి సంఘానికి సరిపోవాలని లేదు. పట్టిక రాసే పద్ధతి ఇదీ: పాటలో అన్నిటికంటే పై స్వరం ఎక్కడుందో వెతకాలి. సాధారణంగా అది చరణం మధ్యలో ఉంటుంది, పల్లవిలో కాదు. అందుకే పల్లవి హాయిగా ఎత్తుకున్న పాట చరణంలో గొంతు పట్టేస్తుంది. ఆ పై స్వరం కీబోర్డు మీది డి దాటకూడదు. పొద్దున్న మొదటి పాటకైతే సి దగ్గరే ఆపడం మేలు. ఆడవాళ్లు పై స్థాయిలో, మగవాళ్లు అదే స్వరం కింది స్థాయిలో పాడతారు కాబట్టి ఈ లెక్క ఇద్దరికీ పనిచేస్తుంది.

ఉదాహరణకు శంకరాభరణం రాగంలో తారస్థాయి (పై స్థాయి) గాంధారం దాకా పోయే పాట ఉందనుకోండి. రెండో శ్రుతిలో, అంటే డి షడ్జంగా ఎత్తితే ఆ గాంధారం ఎఫ్ షార్ప్ అవుతుంది, వెనక బెంచీలు మౌనం. ఆరున్నర శ్రుతికి, అంటే బి ఫ్లాట్‌కి దించితే గాంధారం సరిగ్గా డి దగ్గర పడుతుంది. అయితే అదే పాట మంద్ర (కింది స్థాయి) పంచమానికి కూడా దిగితే ఆరున్నరలో ఆడవాళ్లకు అందదు. అప్పుడు ఒకటో శ్రుతి, అంటే సి దగ్గర రాజీ పడాలి.

సి లోనే వేళ్లు అలవాటైన వాయిద్యకారులు కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ (వేళ్లు మార్చకుండా శ్రుతి జరిపే అమరిక) మైనస్ 2 పెడితే ఆరున్నర వస్తుంది. పాట చీటీలో శ్రుతి, ట్రాన్స్‌పోజ్ రెండూ రాయాలి. ఎందుకంటే కరెంటు పోయి వస్తే చాలా కీబోర్డుల్లో ట్రాన్స్‌పోజ్ సున్నాకి వెళ్లిపోతుంది. అది చూసుకోకుండా రెండో చరణం ఎత్తుకుంటే పాట రెండు మెట్లు పైకి లేస్తుంది.

కీర్తనల పుస్తకంలో పాటపైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి, కానీ సంఘం పాడే బాణీ చాలాచోట్ల వాటినుంచి జరిగిపోయింది. పట్టికలో సంఘం పాడేదే రాసుకోవాలి. అనుమానం వచ్చిన రాగానికి పక్కనున్న విజయనగరంలో అడగడానికి మనుషులకు కొదవ లేదు, 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల అక్కడే ఉంది.

శ్రమకాలానికి పట్టిక ఆలస్యం కావడానికి కారణం నాదనామక్రియ రాగం. మాయామాళవగౌళ నుంచి వచ్చిన రాగం కాబట్టి ఇందులో శుద్ధ రిషభం ఉంటుంది, అంటే సి షడ్జమైతే డి ఫ్లాట్. కీబోర్డు మీద అలవాటుగా జి మేజర్ కార్డ్ (జి, బి, డి మూడూ కలిపి) పట్టామంటే అందులో డి మోగుతుంది. పాడేవాళ్లు డి ఫ్లాట్ పట్టుకుని ఉంటారు, రెండూ కొట్టుకుంటాయి. దిక్కుతోచక పాడేవాళ్లే రిషభాన్ని పైకి జరుపుతారు, రాగం పోతుంది. ఎడమ చేత్తో స, ప మాత్రమే పట్టి ఉంచాలి. కీబోర్డు తనంతట వాయించే ఆటో రిథమ్ కార్డ్‌లు ఆపేయాలి, ఢోలక్ ఒక్కటీ చాలు.

ఢోలక్ వేగం రెండో చరణానికల్లా పెరుగుతుంది. ముక్తాయింపులు (పంక్తి చివర వేసే అలంకార దెబ్బలు) తగ్గిస్తే సగం సర్దుకుంటుంది. మిగతా సగానికి ఫోన్‌లో మెట్రోనోమ్ (దెబ్బల వేగం చూపే యాప్) శబ్దం ఆపి, వెలుగు మాత్రం కనబడేలా పెట్టుకోవాలి. నిమిషానికి 70 నుంచి 76 దెబ్బల మధ్య కీర్తన నిదానంగా నడుస్తుంది. వయసు మళ్లినవాళ్లు ఒక పంక్తిని ఒకే ఊపిరిలో ముగించగలిగితే వేగం సరైనదే. వానాకాలపు తేమకు చర్మం వదులై బొంగురుపోతుంది. బోల్టులు బిగించేటప్పుడు ఒకదాని తర్వాత దాని ఎదురుది, పావు తిప్పు చొప్పున బిగించాలి. ఒకే వైపు బిగిస్తే రింగు వంకరపోతుంది.

సంఘం వెనకబడినట్టు వినిపించడానికి దూరం కూడా కారణమే. ధ్వని 15 మీటర్లు పోవడానికి సుమారు 44 మిల్లీసెకన్లు పడుతుంది, వెనక వరస పాట తిరిగి ముందుకు రావడానికి మళ్లీ అంతే. ఆ శబ్దం కోసం ఆగితే ప్రతి పంక్తికీ పాట సాగిపోతుంది. నడిపేవారు ఢోలక్‌నే పట్టుకుని నడవాలి.

పుస్తకం చదవలేనివాళ్ల కోసం చరణం మొదటి రెండు మాటలు ముందే అందించాలి. ఆది తాళంలో చివరి రెండు అక్షరాల్లో అందిస్తే పడుతుంది. ఎత్తుకున్నాక అందిస్తే గందరగోళమే.

మైకుల వరసకు ముందుగా స్పీకర్లు, మొదటి బెంచీ తలల పైన, చివరి బెంచీ వైపు వంచి. మైకు జాలీని అరచేత్తో కప్పితే వెనక శబ్దాన్ని అడ్డుకునే గుణం పోయి కీచుమంటుంది. మిక్సర్‌లో లో కట్ (కింది గుమ్ముమనే శబ్దాన్ని కోసేది) 100 హెర్ట్జ్ దగ్గర, 300 హెర్ట్జ్ ప్రాంతంలో 3 డెసిబెల్స్ తగ్గింపు. ఎకో మీద మన సంఘాలకు మమకారం ఎక్కువ, కానీ రేకుల కప్పే ఎకో ఇస్తోంది, మిక్సర్‌లోది సున్నాకి దించాలి. రేకుల మీద పెద్ద వాన పడితే వాల్యూమ్ పెంచి లాభం లేదు. అందరికీ నోటికొచ్చిన పాట ఒకటి ఢోలక్‌తో ఎత్తుకుని, వాక్య పఠనాన్ని వాన తగ్గేదాకా జరపమని పాస్టరు గారితో ముందే మాట్లాడుకోవాలి.

ఇక మిగిలింది ప్రభువు బల్ల పాటలు. రొట్టె, రసం పంచేంతసేపు పాడుతూనే ఉండాలి కాబట్టి ఒకే శ్రుతిలో నడిచే మూడు పాటలు కలిపి ఒక చీటీ. మొదటి రెండూ నాలుగో శ్రుతిలో కుదిరాయి, మూడోది వెతుకుతున్నాం.