నెట్ లైఫ్ సైన్సెస్: కణ మరణం అనే అంశాన్ని నేను చదివిన పద్ధతి

సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌కు సిద్ధమవుతున్న మిత్రులు డెవలప్‌మెంటల్ బయాలజీలో అపోప్టోసిస్‌ను, అంటే జన్యువుల నియంత్రణలో కణం తనంతట తాను చనిపోవడాన్ని, నిర్వచనాలతో కాక, సీ. ఎలిగాన్స్ అనే పురుగుతో మొదలుపెట్టాలని నా గట్టి సలహా. ఈ ఉభయలింగ పురుగు ఎదిగే క్రమంలో 1090 దేహకణాలు ఏర్పడి, వాటిలో 131 మరణించగా 959 మిగులుతాయి. ప్రతి పురుగులోనూ చనిపోయేవి అవే కణాలు కనుక, అవి చావకుండా మిగిలిన ఉత్పరివర్తిత (జన్యువు మారిన) పురుగులను వెతికి, బాధ్యత వహించే జన్యువులను గుర్తించగలిగారు. బ్రెన్నర్, హార్విట్జ్, సల్స్టన్‌లకు 2002లో నోబెల్ బహుమతి తెచ్చిన కృషి ఇదే.

నేను ఎక్కువ సమయం వెచ్చించింది ఆ జన్యువుల వరుస మీద. ఈజీఎల్-1 సెడ్-9ను అడ్డుకుంటుంది. సెడ్-9 పట్టు నుంచి విడుదలైన సెడ్-4, సెడ్-3 అనే కాస్పేజ్‌ను (కణంలోని ప్రోటీన్లను కోసే ఎంజైమును) క్రియాశీలం చేస్తుంది. దీన్ని కాగితం మీద గీసి, ఒక్కొక్క జన్యువును తీసేస్తూ ఫలితాన్ని మీరే ఊహించండి. సెడ్-9 లోపిస్తే బతకవలసిన కణాలు కూడా చనిపోతాయి. దానితోపాటు సెడ్-3 కూడా లోపిస్తే, సెడ్-3 దిగువన ఉంది కనుక, చావవలసినవి సైతం బతుకుతాయి. పరీక్షలోని పార్ట్ సి ప్రశ్నలు కోరే ఆలోచన ఇలాంటిదే. క్షీరదాలలో సెడ్-9, సెడ్-4, సెడ్-3లకు వరుసగా సాటి బీసీఎల్-2, అపాఫ్-1, కాస్పేజ్‌లు. అయితే అపాఫ్-1 క్రియాశీలం కావడానికి మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ వెలువడాలి, పురుగులో ఆ అవసరం లేదు.

ఉదాహరణలలో కోడి, బాతు పాదాల పోలిక అన్నింటికంటే విలువైనది. కోడి పిండంలో వేళ్ల మధ్య కణజాలాన్ని బీఎంపీ అనే ప్రోటీన్ ఇచ్చే సంకేతం చంపుతుంది. బాతులో గ్రెమ్లిన్ అనే ప్రోటీన్ ఆ సంకేతాన్ని అడ్డుకోవడం వల్ల వేళ్ల మధ్య చర్మం నిలుస్తుంది. కోడి పాదంలో గ్రెమ్లిన్‌ను చేర్చినా చర్మం మిగిలిందంటే, కారణం రుజువైనట్లే. థైరాక్సిన్ హార్మోన్ ప్రభావంతో తోకకప్ప తోక కరిగిపోవడం, మగ పిండంలో ఏఎంహెచ్ (యాంటీ ముల్లేరియన్ హార్మోన్) వల్ల, ఆడ పిండంలోనైతే గర్భాశయంగా మారే ముల్లేరియన్ నాళం క్షీణించడం ఒకసారి చదివితే గుర్తుంటాయి.

మొక్కలను మాత్రం వదలకండి. దారునాళ కణాలు చనిపోయిన తరువాతే నీటిని మోస్తాయి. జంతువులలో మాదిరిగా మృతకణాన్ని మింగే భక్షక కణాలు మొక్కల్లో లేవు కనుక, ఆ కణం తన రిక్తిక (వాక్యూల్) లోని ఎంజైములతో లోపలి పదార్థాన్ని తానే జీర్ణించుకుని, లిగ్నిన్‌తో గట్టిపడిన గోడను మాత్రమే మిగులుస్తుంది.