సుబేదారు గారి హోదా ఏ మెట్టు మీద?

గిద్దలూరు, కంభం వైపు పల్లెల్లో మిలటరీలో చేసి వచ్చినవారు చాలామందే కనబడతారు. అయినా ఒంగోలులో ఏ పెళ్ళిలోనో ఒక సుబేదారు గారూ, నౌకాదళంలో పనిచేసే ఒక పెట్టీ ఆఫీసరూ పక్కపక్కన కూర్చుంటే, పేరులోనే ఆఫీసరు ఉన్నాడు కనుక రెండో ఆయనే పెద్ద అని మనవాళ్ళు ఇట్టే తేల్చేస్తారు. నిజానికి పెట్టీ ఆఫీసరు సైన్యంలో హవల్దారుకూ, వైమానిక దళంలో సార్జెంటుకూ సమానం. సుబేదారు ఆ హోదాకు రెండు మెట్లు పైన ఉంటారు.

అధికారుల వరుసను పోల్చడం అంత కష్టం కాదు. సైన్యంలో మేజరు, నౌకాదళంలో లెఫ్టినెంట్ కమాండరు, వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడరు ఒకే స్థాయివారు. కెప్టెన్ దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. నౌకాదళ కెప్టెన్ సైన్యంలో కల్నల్‌కు సాటి, సైన్యంలోని కెప్టెన్ నౌకాదళ లెఫ్టినెంట్‌కు సాటి.

అసలు తెలుసుకోవలసింది మధ్య వరుస గురించి. బ్రిటిష్ అధికారులకూ భారతీయ సిపాయిలకూ నడుమ, జవాన్ల భాషా ఆచారాలూ తెలిసిన అనుభవజ్ఞులుగా నిలిచిన వైస్రాయ్ కమిషన్డ్ ఆఫీసర్ల స్థానమే స్వాతంత్ర్యం తర్వాత జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లుగా కొనసాగింది. నాయబ్ సుబేదారు, సుబేదారు, సుబేదార్ మేజరు ఈ వరుసలోనివారే. ట్యాంకుల రెజిమెంట్లలో వీరినే రిసల్దార్లంటారు. సుబేదారు భుజాన రెండు నక్షత్రాలూ, వాటితోపాటు ఎరుపు, పసుపు రంగుల పట్టీ ఉంటాయి. ఆ పట్టీ లేకుండా రెండు నక్షత్రాలే ఉంటే ఆయన లెఫ్టినెంట్. కొత్తగా వచ్చిన ఆ యువ లెఫ్టినెంట్‌కు సుబేదారు సెల్యూట్ చేస్తారు, లెఫ్టినెంట్ ఆయనను ‘సాబ్’ అని గౌరవంగా పిలుస్తారు. ఈ పరస్పర మర్యాద నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది.

హోదాల పట్టికలో సుబేదారుకు ఎదురుగా నౌకాదళంలో రెండో తరగతి మాస్టర్ చీఫ్ పెట్టీ ఆఫీసరూ, వైమానిక దళంలో వారంట్ ఆఫీసరూ కనిపిస్తారు. కాగితం మీద సమానమే గానీ పనిలో తేడా ఉంది. ఆ రెండు దళాల్లో ఈ స్థాయివారు ఎక్కువగా యంత్రాల, సాంకేతిక పనుల నిపుణులు. పదాతి దళంలో జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు ముప్పైమందికి పైగా జవాన్లుండే ప్లాటూన్‌ను స్వయంగా నడిపించవలసి రావచ్చు. జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లలో కొందరికి గణతంత్ర దినోత్సవం, స్వాతంత్ర్య దినోత్సవం సందర్భాలలో హానరరీ లెఫ్టినెంట్, హానరరీ కెప్టెన్ హోదాలు ఇస్తారు. శుభలేఖలలో ఆ ‘హానరరీ’ని దాచవలసిన పనే లేదు, సిపాయిగా చేరి అంతదాకా ఎదిగారని చెప్పేది అదే.

2022లో సిపాయిలను చేర్చుకునే అగ్నిపథ్ పథకం వచ్చాక ఈ నిచ్చెన ఇరుకైంది. ఆ పథకం కింద చేరే అగ్నివీరులది ప్రత్యేక హోదా, వారిలో నాలుగేళ్ళ తర్వాత శాశ్వత సేవలోకి తీసుకునేది గరిష్ఠంగా 25 శాతాన్ని. మన ప్రాంతం నుంచి ఇప్పుడు చేరుతున్న పిల్లలలో రేపు సుబేదారు కాగలిగినవారు ఆ నాలుగో వంతులోంచే రావాలి.