తెలుగు వచ్చు, చదవడం రాదు: బరంపురం వైపు నాటకానికి జనం

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో తెలుగు నాటకం వేసేవాళ్ల మొదటి తప్పు పోస్టర్‌లోనే ఉంటుంది. నిండా తెలుగక్షరాలు, కింద దాతల ఫోటోలు. చూసే కుర్రాడు ఇంట్లో తెలుగే మాట్లాడతాడు గానీ, చదువు ఒడియాలోనో ఇంగ్లీషులోనో. కూడబలుక్కునేలోపు సైకిల్ దాటిపోతుంది. అందుకని తెలుగు మాటనే ఒడియా లిపిలో రాయించండి. అనువాదం వద్దు, అదే మాట. పెద్దవాళ్ల కోసం తెలుగులో ఒక వరుస చాలు. నాటకం పేరు, చోటు, మొదలయ్యే వేళ, అయిపోయే వేళ ఉండాలి. ఆఖరిది చాలామంది వెయ్యరు. వంట ముందే చేసుకోవాలా, తిరుగు ఆటో దొరుకుతుందా అన్నది ఇంటావిడ తేల్చుకునేది దాన్నిబట్టే.

తేదీ దగ్గర తెలుగు పంచాంగం ఒక్కటే చూస్తే దెబ్బ తింటారు. ఒడియావాళ్లకి కార్తీక పున్నమి మర్నాడే మార్గశిరం మొదలు, మనకి అమావాస్య దాటాక. ఆ పదిహేను రోజుల్లో వచ్చే లక్ష్మీవారాల్లో కూడా అక్కడ ఇంటింటా ఆడవాళ్లు చేసే మాణబసా లక్ష్మీపూజ ఉంటుంది. మనకింకా కార్తీకమే కదా అని హాలు తీసుకుంటే ఆడవాళ్ల వరసలు ఖాళీ. చైత్రంలో గంజాం జిల్లా పల్లెల్లో మేరు సంక్రాంతి (ఏప్రిల్ మధ్య) దాకా భక్తులు వ్రతంగా ఆడే దండనాట ఉంటుంది. బరంపురంలో రెండేళ్లకోసారి ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర. దానితో పోటీ పడేవాడెవడు?

కథ తెలిసినదైతే సగం పని అయినట్టే. గంజాంలో ప్రహ్లాద నాటకం అనే జానపద నాటకాన్ని మెట్ల వేదిక మీద తెల్లవార్లూ చూసే జనం ఉన్నారు. హిరణ్యకశిపుడు ఏ భాషలో గర్జించినా వాళ్లకి అర్థమవుతాడు. పద్యనాటకానికి ఒడియా స్నేహితుల్ని పిలవాలంటే అక్కడినుంచే మొదలుపెట్టడం మేలు. కొత్త సాంఘిక నాటకమైతే మాత్రం తెర మీద ఒడియా అర్థం వెయ్యక తప్పదు.

ఆ అర్థం వెయ్యడంలోనే ఎక్కువ పాడవుతుంది. నల్ల స్లైడు, తెల్ల అక్షరాలు, ఒక్కోదానికి రెండు వరుసలు మించకూడదు. తెర వేదిక పైనుండాలి. పక్కన పెడితే జనం మెడ తిప్పుతూ నటుణ్ణి వదిలేస్తారు. స్లైడు మార్చేది కనీసం నాలుగు రిహార్సళ్లు చూసిన మనిషే అయ్యుండాలి. ఎందుకంటే నటుడు ఊపులో రెండు మాటలు మింగేస్తాడు, అర్థం వెనకబడిపోతుంది, విషాదంలో జనం నవ్వుతారు. మందు ఇది: స్క్రిప్టు అంచున ప్రతి మాటకీ స్లైడు నంబరు రాసుకోవాలి. పవర్‌పాయింట్‌లో ఆ నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికే వెళ్తుంది. పద్యం భావం ముందే చూపించి, రాగం సాగుతున్నంతసేపూ ‘బి’ నొక్కి తెర నల్లగా ఉంచండి. ఇంకోటి, హాలువాళ్ల లాప్‌టాప్‌లో ఒడియా ఫాంటు లేకపోతే అక్షరాలన్నీ డబ్బాలవుతాయి. మీ లాప్‌టాప్ మీరే తీసుకెళ్లండి.

వాట్సాప్ గ్రూపుల్లో ఆహ్వానపత్రిక ఫోటో పెడితే ఎవరూ తెరవరు. ఇరవై సెకన్ల వాయిస్ పెట్టాలి, అదీ ఆ వీధి మనిషి గొంతుతోనే: “పిన్నీ, రేపు ఆరున్నరకి నాటకం. ఎనిమిదీ ముప్పావుకి అయిపోద్ది. పిల్లల్నీ తెచ్చుకో, ఒడియాలో అర్థం తెరమీద వస్తాది.” ముందురోజు సాయంత్రం ఒకసారి, ఆరోజు మూడింటికి ఇంకోసారి. అంతకన్నా ఎక్కువైతే విసుగు.

కాలేజీలో పని వేరు. నటులకి టికెట్లు కట్టలుగా ఇస్తే సంచుల్లోనే ఉండిపోతాయి. ఒక్కొక్కరికి ఆరు, ప్రతిదాని మీదా పిలవబోయే వాళ్ల పేరు వాళ్ల చేతే రాయించి ఇవ్వండి. నాలుగు రోజుల ముందు భోజనాల వేళ వరండాలో ఒక్క సీను ఆడి, గొడవ ముదిరే చోట ఆపేయండి.

కుర్చీలు 150 తెప్పించి 80 వెయ్యండి. అన్నీ వేస్తే జనం వెనక నుంచి నిండుతారు, ముందు మూడు వరసలు బోసిపోతాయి. జనం వచ్చేకొద్దీ మోసుకొచ్చి వేస్తుంటే హాలు నిండుతున్నట్టు కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. పిల్లలకి ముందు జంపఖానా. శాలువాలు మొదట్లోనే పది నిమిషాల్లో, ఉపన్యాసాల్లేకుండా కానిచ్చేయాలి. విరామంలో సన్మానం పెట్టారా, రెండో అంకానికి సన్మానితుడి చుట్టాలే మిగుల్తారు.

తలలు మూడుసార్లు లెక్కపెట్టండి: మొదట్లో, విరామం తర్వాత, చివర. మధ్యలో తగ్గితే మొదటి అంకం సాగిందని, చివర్లో తగ్గితే చెప్పిన వేళ దాటిందని. గుమ్మం దగ్గర నోటుబుక్కు పెట్టి ఇష్టమైనవాళ్ల నంబర్లు రాయించుకోండి. పక్కన ఒక్క అక్షరం చాలు: తెలుగు చదివేవాళ్లకి ‘తె’, ఒడియాకి ‘ఒ’, వినడమే తప్ప చదవనివాళ్లకి ‘వా’ (వాయిస్).