మన 2018 బ్యాచ్ క్వార్టర్‌బ్యాక్

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు జో బరో మన బ్యాచ్‌వాడే. మనం బీటెక్ పూర్తి చేసుకుని, రెండేళ్ల మాస్టర్స్ కోసం ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) అడుగుపెట్టింది 2018లో. సరిగ్గా ఆ వేసవిలోనే అతనూ ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో డిగ్రీ ముగించుకుని, ఇంకా రెండేళ్ల కాలేజీ ఆట మిగిలి ఉండగా ఎల్‌ఎస్‌యూ ఉన్న బేటన్ రూజ్‌కి వచ్చాడు. లిబరల్ ఆర్ట్స్ మాస్టర్స్‌లో చేరాడు. మనకున్నవీ రెండేళ్లే, అతనికున్నవీ రెండేళ్లే.

2019 సీజన్ గురించి చెప్పనివాళ్లు లేరు. 15 మ్యాచ్‌లకు 15 విజయాలు, బంతిని ప్రత్యర్థి గీత దాటించి పాయింట్లు తెచ్చే టచ్‌డౌన్ పాస్‌లు 60, ఏటా కాలేజీ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ, జాతీయ చాంపియన్‌షిప్. నాకు మాత్రం 2018 గురించి రాయాలని ఉంది. అతను ఎవరో, ఎంతవాడో ఇంకా ఎవరికీ తెలియని ఏడాది అది. దాన్ని మొదటినుంచీ చివరిదాకా అక్కడే ఉండి చూసినవాళ్లం మనం.

ఇంట్లో ఈ సంచిక తిరగేసే అమ్మానాన్నల కోసం ముందు ఆట గురించి కొంచెం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి మొదట క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. నూట ముప్పై కిలోల మనుషులు మీదికి ఉరికొస్తుంటే, రెండు మూడు సెకన్లలో ఆ బంతిని ఎవరికి విసరాలో, ఎవరికి అందించాలో, తనే పట్టుకుని పరుగెత్తాలో తేల్చుకోవాలి. క్రికెట్ జట్టులో వికెట్ కీపర్‌లాగా ఆ స్థానం ఒక్కరిదే. రెండోవాడు ఎంత మంచి ఆటగాడైనా బెంచీ మీద కూర్చోవాల్సిందే. పైగా అప్పట్లో కాలేజీ ఆటగాడికి ఉన్నది అయిదేళ్లు, అందులో ఆడగలిగేవి నాలుగు సీజన్లు. బెంచీ మీద కూర్చున్నా ఆ ఏళ్లు కరిగిపోతూనే ఉంటాయి.

బరో పెరిగింది ఒహాయో రాష్ట్రం ఆగ్నేయ మూలన ఉన్న ఏథెన్స్ ప్రాంతంలో. తండ్రి జిమ్ బరో అప్పట్లో అక్కడి ఒహాయో యూనివర్సిటీ జట్టుకి డిఫెన్స్ కోచ్. రాష్ట్రంలో ఆ ఏటి ఉత్తమ హైస్కూల్ ఆటగాడికిచ్చే 'మిస్టర్ ఫుట్‌బాల్' గౌరవం 2014లో అతనికి దక్కింది. 2015లో ఒహాయో స్టేట్‌లో చేరాడు. అప్పటికే అక్కడ జె.టి. బారెట్ పాతుకుపోయి ఉన్నాడు. 2017 సీజన్ మొదలయ్యే ముందు ప్రాక్టీసులో బరో చెయ్యి విరిగింది. ఆ నవంబరులో మిషిగన్ మీద ఆడుతూ బారెట్ గాయపడితే, దిగి మ్యాచ్ గెలిపించింది డ్వేన్ హాస్కిన్స్. 2018 వసంతానికి బారెట్ వెళ్లిపోయాడు, కానీ ఆ స్థానం హాస్కిన్స్‌దేనని అందరికీ అర్థమైపోయింది. మూడేళ్లలో బరో విసిరిన పాస్‌లు మొత్తం కలిపి 39.

బరోని గుర్తించలేకపోయాడని అప్పటి ఒహాయో స్టేట్ కోచ్ అర్బన్ మేయర్‌ని ఇప్పటికీ కొందరు తప్పుపడతారు. నేను ఒప్పుకోను. హాస్కిన్స్ ఆ ఏడాది 50 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు, హైస్మన్ ఓటింగ్‌లో మూడో స్థానంలో నిలిచాడు. 2022లో 24 ఏళ్లకే రోడ్డు మీద ప్రమాదంలో చనిపోయాడు. ఆ పేరు ఇక్కడ రాస్తుంటే మనసు బరువెక్కుతోంది. ఇద్దరూ అర్హులే. ఉన్నది ఒక్క స్థానం.

మన తెలుగు విద్యార్థులకు ఎప్పుడూ చెప్పాలనిపించే సంగతి ఒకటుంది. అప్పటి ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) నిబంధనల ప్రకారం, కాలేజీ మారిన ఫుట్‌బాల్ ఆటగాడు మామూలుగా ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. డిగ్రీ పూర్తయినవాడు మాత్రం వెంటనే ఆడొచ్చు. బరో మూడేళ్లలోనే డిగ్రీ ముగించాడు. మైదానంలో తన వంతు రాని ఆ మూడేళ్లూ క్లాసుల్లో ఏమీ పోగొట్టుకోలేదు. ఆ పట్టానే చేతిలో లేకపోతే 2018 కూడా అతనికి కూర్చునే ఏడాదే అయ్యేది, 2019 ఒక్కటే మిగిలేది. ఎల్‌ఎస్‌యూతో పాటు సిన్సినాటి యూనివర్సిటీ కూడా అతన్ని పిలిచింది. మే నెలలో మనవైపు మొగ్గాడు.

ఇక్కడ కోచ్ ఎడ్ ఓర్జెరాన్. లూసియానాలోనే లరోజ్ అనే ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి, గొంతు వింటే మళ్లీ మరిచిపోలేం. ఆయన పరిస్థితీ అప్పుడేమంత బాగాలేదు. ఎల్‌ఎస్‌యూకి మంచి డిఫెన్స్ ఉంటుంది, పరుగెత్తేవాళ్లు ఉంటారు, క్వార్టర్‌బ్యాక్ మాత్రం దొరకడు అని ఊరంతా అనుకునేది. బరో వచ్చాక ఆగస్టులో, అప్పటిదాకా పోటీలో ఉన్న ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు కాలేజీ వదిలి వెళ్లిపోయారు. అతని వెనక మిగిలింది మైల్స్ బ్రెన్నన్ ఒక్కడే. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాను.

అదే ఆగస్టులో మనం ప్యాట్రిక్ టేలర్ హాల్‌లో ల్యాబులు వెతుక్కుంటూ, ఏ బస్సు ఎటు పోతుందో తెలియక, ఉక్కపోతకి తడిసిపోతూ తిరుగుతున్నాం. ల్యాబులో పక్క కుర్చీలో ఉన్న అమెరికన్ కుర్రాడు మొదటి వారమే నన్ను అడిగిన ప్రశ్న, కొత్త క్వార్టర్‌బ్యాక్ గురించి నువ్వేమనుకుంటున్నావు అని. అప్పటికి నాకు ఆట నియమాలు కూడా తెలియవు. వెళ్లి చదువుకున్నాను. ఒహాయో నుంచి వచ్చాడని తెలిశాక, లూసియానా యాస మనకెంత కొత్తో అతనికీ అంతే కొత్త అయ్యుంటుందని అనిపించింది. అప్పటినుంచీ అతని ప్రతి మ్యాచ్ నాకు సొంత మనిషి ఆడుతున్నట్టే ఉండేది.

మొదటి మ్యాచ్ టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో, మయామీ మీద. 33-17తో గెలిచాం కానీ అందులో బరో వాటా తక్కువ. 24 పాస్‌లలో 11 మాత్రమే చేరాయి, టచ్‌డౌన్ పాస్ ఒక్కటీ లేదు. వచ్చినవాడు ఇంతేనా అన్నవాళ్లే ఎక్కువ. రెండు వారాలకి ఆబర్న్ వాళ్ల మైదానంలో, నాలుగో క్వార్టర్‌లో 71 యార్డుల (గజాల) టచ్‌డౌన్ పాస్ విసిరాడు. ఆఖరి క్షణంలో కోల్ ట్రేసీ బంతిని స్తంభాల మధ్యకి తన్ని ఫీల్డ్ గోల్ కొట్టాడు. 22-21. ఆ ట్రేసీ కూడా మసాచుసెట్స్‌లో ఓ చిన్న కాలేజీలో డిగ్రీ చేసి, ఒక్క ఏడాది ఆట కోసం మనలాగే ముందూ వెనకా చూసుకోకుండా వచ్చేసినవాడు. బయటినుంచి వచ్చిన ఇద్దరు ఆ రోజు ఎల్‌ఎస్‌యూని గెలిపించారు. క్యాంపస్‌లో మరుసటి సోమవారం జనం మాట తీరే మారిపోయింది.

అక్టోబరు 13న టైగర్ స్టేడియంలో జార్జియాతో మ్యాచ్. వాళ్లది దేశంలో రెండో ర్యాంకు. అంతకుముందు వారమే మనం ఫ్లోరిడాలో ఓడి వచ్చాం. లక్షమందికి పైగా పట్టే ఆ స్టేడియంలో స్టూడెంట్ సెక్షన్‌లో నిలబడితే పక్కవాడి మాట వినబడదు, కాళ్ల కింద సిమెంటు అదురుతుంటుంది. బరో ఆ రోజు కాళ్లతో గెలిచాడు. ఒకసారి యాభై తొమ్మిది యార్డులు పరుగెత్తాడు, బంతితో రెండుసార్లు గీత దాటాడు. ఎదురొచ్చినవాళ్లను తప్పించుకోవడం కంటే భుజంతో ఢీకొట్టడమే అతనికి ఇష్టంలా కనిపించింది. క్వార్టర్‌బ్యాక్‌లు మామూలుగా అలా చెయ్యరు, దెబ్బ తగలకుండా కింద జారిపోతారు. జట్టులో మిగతావాళ్లు అతన్ని తమవాడనుకోవడం ఆ దెబ్బలతోనే మొదలైందని నా నమ్మకం. 36-16. జనం మైదానంలోకి దిగిపోయారు. నేనూ దిగాను. ఎవరో ముక్కూ మొహం తెలియని పెద్దాయన నన్ను గట్టిగా పట్టుకుని ఊపేశాడు. బేటన్ రూజ్‌లో నేను పరాయివాణ్నన్న భావన ఆ సాయంత్రం తర్వాత నాకు మళ్లీ రాలేదు.

ఆ తర్వాత నవంబరు 3. అలబామా వచ్చింది. 29-0. సొంత మైదానంలో మనకి ఒక్క పాయింటు కూడా రాలేదు. ఎటు తిరిగినా ఎర్ర చొక్కాలే బరో మీదికి వచ్చాయి. విసరడానికి చోటు లేదు, అందుకునేవాడికి ఖాళీ లేదు. 2011 తర్వాత అలబామాని ఓడించనే లేదు మనం, అది వరసగా ఎనిమిదో ఓటమి. ఆ రాత్రి నికల్సన్ డ్రైవ్ పక్కన నడుస్తుంటే జనం కోప్పడలేదు, తిట్టలేదు, మాట్లాడలేదు. అలవాటైపోయిన ఓటమి అలా ఉంటుంది. మనలో కొందరికి మరునాడే మిడ్‌టర్మ్ టెన్షన్, అయినా ఎవరూ త్వరగా ఇల్లు చేరలేదు.

మూడు వారాలకి టెక్సస్ ఏ అండ్ ఎం వాళ్ల ఊళ్లో, స్కోరు సమం కావడంతో ఏడు ఓవర్‌టైమ్‌లు. గెలిచేశామనుకుని సంబరంగా కోచ్ నెత్తిన గేటొరేడ్ పానీయం కూడా కుమ్మరించారు. రీప్లే చూసి ఆట కొనసాగించమన్నారు. చివరికి 74-72తో ఓడిపోయాం. బరో ఆ మ్యాచ్‌లో మూడు టచ్‌డౌన్లు విసిరాడు, మూడు పరుగెత్తి చేశాడు, అయిపోయాక ఒంట్లో నీళ్లు లేక సెలైన్ ఎక్కించుకున్నాడు. ఓడిన మ్యాచే అయినా, అతనిలో నాకు అన్నిటికంటే నచ్చిన ఆట అదే.

2019 జనవరి 1న సీజన్ ముగింపు మ్యాచ్, ఫియెస్టా బౌల్. ప్రత్యర్థి సెంట్రల్ ఫ్లోరిడా వరసగా 25 మ్యాచ్‌లు గెలిచి ఉంది. మొదట్లోనే బరో పాస్‌ని వాళ్లలో ఒకడు పట్టుకుని టచ్‌డౌన్ దాకా పరుగెత్తాడు. వాణ్ని ఆపడానికి వెళ్తున్న బరోని పక్కనుంచి ఒక భారీ ఆటగాడు గుద్దాడు. టీవీ చూస్తున్న మాకందరికీ ఇక లేవడనిపించింది. లేచాడు. ఆ తర్వాత నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు విసిరి 40-32తో గెలిపించాడు. 2019లో జరిగినదంతా నాకు ఆ లేవడంలోనే మొదలైంది.

2018 మొత్తానికి అతని లెక్క 16 టచ్‌డౌన్ పాస్‌లు. మరుసటి ఏడాది 60. అదే మనిషి, అదే చెయ్యి. ప్రొఫెషనల్ జట్టు న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ నుంచి జో బ్రేడీ అనే యువ కోచ్ వచ్చాడు. మన అఫెన్స్ కోచ్ స్టీవ్ ఎన్స్‌మింగర్‌తో కలిసి ఆట పద్ధతినే మార్చాడు. మైదానమంతా అయిదుగురిని పరిచి నిలబెట్టి, ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి విసిరే పని బరోకి అప్పగించారు. అందుకునేవాళ్లు జస్టిన్ జెఫర్సన్, జమార్ చేజ్. ఆస్టిన్‌లో టెక్సస్ మీద, మూడో డౌన్‌లో (నాలుగు అవకాశాల్లో మూడోది) 17 యార్డులు కావాల్సినప్పుడు జెఫర్సన్‌కి విసిరిన 61 యార్డుల టచ్‌డౌన్ గుర్తుందా? నవంబరు 9న టస్కలూసాలో అలబామాని 46-41తో ఓడించాం. ఏడాది క్రితం 29-0 చూసినవాళ్లకే ఆ గెలుపు విలువ పూర్తిగా తెలుసు.

సొంత మైదానంలో ఆఖరి మ్యాచ్‌కి తన ఇంటిపేరుని లూసియానా ఫ్రెంచ్ పద్ధతిలో రాయించుకున్న జెర్సీతో బయటికి వచ్చాడు. నా చుట్టూ పెద్దవాళ్లు ఏడ్చారు. డిసెంబరు 14న హైస్మన్ తీసుకున్నాడు. ఎల్‌ఎస్‌యూకి 1959లో బిల్లీ కానన్ తర్వాత అదే. ఆ వేదిక మీద, మూడేళ్లు ఆడని తనని నమ్మి తీసుకున్నందుకు ఓర్జెరాన్‌కి కన్నీళ్లతో కృతజ్ఞత చెప్పాడు. ఏథెన్స్‌లో ఇంట్లో తిండి లేని పిల్లల గురించీ చెప్పాడు. ఆ మాటలు విన్న జనం, లేనివాళ్లకి తిండి సరుకులిచ్చే అక్కడి ఫుడ్ ప్యాంట్రీకి 5 లక్షల డాలర్లకు పైగా పంపారు. జనవరి 13న న్యూ ఆర్లియన్స్‌లో జాతీయ చాంపియన్‌షిప్ మ్యాచ్, క్లెమ్సన్ మీద 42-25తో గెలిచాం. ఏప్రిల్‌లో ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, సిన్సినాటి బెంగాల్స్ అతన్ని దేశంలోనే మొదటి ఆటగాడిగా తీసుకుంది. రెండేళ్ల క్రితం వద్దనుకున్న ఊరికే చివరికి వెళ్లాడు.

ఆ ఏడాది హైస్మన్ చివరి నలుగురిలో ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లు. బరో, అలబామా నుంచి ఓక్లహోమాకి వెళ్లిన జేలెన్ హర్ట్స్, జార్జియా నుంచి ఒహాయో స్టేట్‌కి వెళ్లిన జస్టిన్ ఫీల్డ్స్. ముగ్గురూ కాలేజీ మారినవాళ్లే. 2021 నుంచి మొదటిసారి మారేవాళ్లకి ఏడాది కూర్చునే నిబంధన కూడా పోయింది. కుర్రాళ్లు నిలకడ లేకుండా తిరుగుతున్నారని విసుక్కునేవాళ్లు మన వాట్సాప్ గ్రూపులోనూ ఉన్నారు. కోచ్‌లు ఒప్పందం మధ్యలో వేరే కాలేజీకి వెళ్తే ఎవరూ ఏడాది కూర్చోమనరు. ఆడే వయసు నాలుగేళ్లే ఉన్నవాణ్ని మాత్రం ఎందుకు కట్టిపడెయ్యాలి? ఈ మార్పు న్యాయమేనని నా అభిప్రాయం.

ఇక మైల్స్ బ్రెన్నన్. 2017లో చేరాడు. బరో ఆడిన రెండేళ్లూ వెనకే ఉన్నాడు, ఎక్కడికీ వెళ్లలేదు. 2020లో అతని వంతు వచ్చింది. మూడు మ్యాచ్‌లు ఆడాక గాయంతో సీజన్ పోయింది. 2021లో సీజన్ మొదలవకముందే చెయ్యి విరిగింది. వెళ్లిపోవడానికి పేరిచ్చి, మనసు మార్చుకుని మళ్లీ ఉండిపోయాడు. 2022 ఆగస్టులో, ఆరో ఏట అడుగుపెట్టే ముందు, ఇక ఆడనని ప్రకటించాడు. ఆ సీజన్ మొదలుపెట్టింది అరిజోనా స్టేట్ నుంచి వచ్చిన జేడెన్ డేనియల్స్. 2023లో అతనూ హైస్మన్ గెలిచాడు.

ఎల్‌ఎస్‌యూకి వచ్చిన మూడు హైస్మన్‌లలో రెండు బయటినుంచి వచ్చినవాళ్లు తెచ్చినవే. వచ్చే పునస్సమావేశంలో ఆ ఇద్దరి పేర్లూ ఎలాగూ వస్తాయి. బ్రెన్నన్ పేరు కూడా ఎవరో ఒకరు ఎత్తాలి. ఆ ఏళ్లన్నీ జట్టుతోనే ఉన్నవాడు అతనే.