తోలుబొమ్మను అట్టకు అతికించొద్దు

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో చేసే తోలుబొమ్మలు తెర దాటి గోడ పటాలుగా ఇళ్లలోకి వచ్చి చాలా ఏళ్లయింది. అయినా ఇప్పటికీ చాలా పటాల్లో బొమ్మను కాగితంలాగా అట్టకు అతికించేస్తున్నారు. పని చెడేది అక్కడే. ఇది చెప్పుల తోలు కాదు. వెంట్రుకలు తీసి, గీకి, ఆరబెట్టిన మేక పచ్చితోలు. వానలప్పుడు తేమ పీల్చి సాగుతుంది, అనంతపురం ఎండలకు బిగుసుకుంటుంది. జిగురు అన్నివైపులా పట్టేస్తే కదిలే దారి లేక ఉబ్బుతుంది, లేదా నగల కోసం పొడిచిన చిల్లుల వరస వెంబడి చిరుగుతుంది.

రంగులు ఆరాక బొమ్మను దీపానికి ఎదురుగా పట్టి చూడండి. నగల దగ్గర ఒక చుక్క నల్లగా కనిపిస్తే అక్కడ చిల్లులో రంగు గడ్డకట్టిందన్నమాట. సూదితో వెనకనుంచి మెల్లగా పొడిస్తే వెలుగు బయటికొస్తుంది. తడిగుడ్డ తగిలించొద్దు, రంగు కారుతుంది. ముడుచుకుంటే ఇస్త్రీ పెట్టొద్దు, వేడికి తోలు కుంచించుకుపోతుంది. రెండు నూలుగుడ్డల మధ్య పెట్టి, పైన పలక, బరువు ఉంచి రెండు మూడు రోజులు వదిలేయండి.

ఫ్రేములో బొమ్మను పైఅంచున మాత్రమే, ఉన్న చిల్లుల గుండానే, నూలుదారంతో మూడు నాలుగు చోట్ల వదులుగా కుట్టాలి. చుట్టూ 5 మి.మీ. ఖాళీ, అద్దానికీ తోలుకూ మధ్య 10 మి.మీ. పట్టీ ఉండాలి. అద్దానికి తగిలితే తేమకు అంటుకుపోతుంది. వెనక అట్ట బదులు పాలరంగు అక్రిలిక్ షీటు వేసి, దాని వెనక ఎల్‌ఈడీ పట్టీలు పెడితే బొమ్మకు ప్రాణం వస్తుంది. ఒకప్పుడు ఆముదం దీపం చేసిన పని అదే కదా. ఎల్‌ఈడీ పట్టీకీ పట్టీకీ ఎంత దూరముందో, వాటికీ షీటుకూ మధ్య అంతే దూరం ఇవ్వండి. దగ్గరైతే వెలుగు గీతలుగా కనిపిస్తుంది.

ఫోటో మాత్రం అద్దం బిగించకముందే తీయాలి. వెనక వెలుగుతో ఒకటి, ముందు రెండువైపులా 45 డిగ్రీల్లో దీపాలు పెట్టి ఇంకొకటి. మొదటిదానికి గదిలో ట్యూబులైటు ఆర్పేయండి, రెండు వెలుగులు కలిస్తే ఎరుపు మాసినట్టు వస్తుంది. కెమెరా బొమ్మ నడిమి ఎత్తులో, సమాంతరంగా, ట్రైపాడ్ మీద ఉండాలి. ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందన) 100, లెన్సు రంధ్రం ఎఫ్/8, 2 సెకన్ల టైమర్. చిల్లులు తెల్లగా పోయినా ఫరవాలేదు, ఆ తెలుపు పక్కనున్న రంగులోకి పాకుతుంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుగు సగానికి) తగ్గించండి. ఫోటోలో అడ్డచారలు కనిపిస్తే అది ఎల్‌ఈడీ మినుకు. షటర్ 1/50 సెకను గానీ అంతకంటే నెమ్మదిగా గానీ పెడితే పోతాయి.